మలుపుచింత కాడ రాయి

మలుపుచింత కాడికి పొద్దుగూకినాక ఈ ఊళ్ళో కుక్క కూడా పోదు, మీరు మాత్రం దగ్గర దోవ అని బండ్లేసుకుని పోతారంట. పోండి, నాకేంది. నా పంచరుకొట్టు మూసి శానా కాలమైంది, మీరు పడినా లేచినా నాకొచ్చేది లేదు. అడిగారు గాబట్టి చెప్తా. కూర్చుంటే సక్రమంగా కూర్చోండి, ఆ సెల్లు కట్టేసి కూర్చోండి. మధ్యలో ఎవడన్నా ఇకిలించాడో, లేచి పోతా.

కందుకూరు నించి మన ఎర్రగుంటపాలానికి వచ్చే పాత రోడ్డు, వాగు దిగి ఎక్కేకాడ మలుపు తిరుగుద్దే, ఆ మలుపులో రోడ్డు మీదకి ఒంగి చింతచెట్టు ఉంటదే, అదే మలుపుచింత. దాని కాయ ఎవురూ కొయ్యరు, రాలి మట్టిలో కలవాల్సిందే. ఎందుకు కొయ్యరు? చింతచెట్టుకి దెయ్యం ఉంటదని మీ అమ్మమ్మలు చెప్పింది నిజమే. మావాళ్ళు సైతానంటారు, మీవాళ్ళు దెయ్యమంటారు, ఏదంటే ఏంది, ఉండేదైతే ఉంది. కాకపోతే ఇది జుట్టు ఇరబోసుకుని తెల్లచీర కట్టుకునే రకం గాదు. ఇది పాల క్యాన్లు మోసే రకం. దీని సంగతి చెప్పాలంటే ముందు లారీ మాలకొండయ్య సంగతి చెప్పాల.

మాలకొండయ్యని మీలో ఎవురూ చూసుండరు. చూడకపోవడం మంచిదే. వాడు పోయిన రోజు పాడె కాడ చేరి, మంచోడే పాపం, నోరే దురుసు అన్నారు జనం. పోయినోళ్ళంతా మంచోళ్ళేగా మనకి! నేను మాత్రం అన్లా. వాడి బతుకంతా నా కళ్ళ ముందు గడిచింది, వాడి లారీ టైర్లకి పంచర్లేసింది నేనే, కాబట్టి నాకు తెలుసు. వాడు ఎదుటోడిని మడిసిగా చూసిన రోజు లేదు. పొగాకు బేళ్ళేసుకుని యాడాడికో పోయేవోడు, నెలకోసారి ఇంటికొచ్చేవోడు, వచ్చిన పూట ఎవురితోనో ఒకరితో తగువేసుకోకపోతే వాడికి అన్నం సయించేది గాదు. పెళ్ళాం చెంచమ్మ మంచిది గాబట్టి సాగింది. కూతురు ఒకతే, రవణమ్మ. ఆ పిల్లంటే మాత్రం వాడికి పానం. ఏ ఊరు పోయినా గాజులు తెచ్చేవోడు, సైజు తెలిసేది గాదు, ఒకసారి పెద్దయ్యి, ఒకసారి చిన్నయ్యి. చిన్నయ్యి చేతికెక్కకపోతే ఆ పిల్ల దారానికి గుచ్చి మెళ్ళో ఏసుకుని తిరిగేది. వాడిలో మంచి అంటూ చెప్పాల్సొస్తే నాకు కనపడింది అదొక్కటే.

సరే, లారీల సంగతి మీకు తెలవదు గాబట్టి చెప్తా. ఎగువలో బండి ఆపి టైరు మార్చాల్సి వస్తే బండి ఎనక్కి జారకుండా టైరు కింద రాయి పెడతారు. పెట్టేది క్లీనరు, పని అయినాక తీసేదీ క్లీనరే. బండి కదిలినాక రాయి లాగి పక్కకి దొర్లించి, పరిగెత్తుకుంటా పోయి తలుపు పట్టుకుని ఎక్కుతాడు. డ్రైవరు దిగడు. మాలకొండయ్య అయితే అసలు దిగడు. స్టీరింగు పట్టిన చేత్తో రాయి పట్టనని గొప్పగా చెప్పుకునేవోడు. మరి వాడి కాడ క్లీనరు నిలిచేవోడా? తిట్లకి కొందరు పొయ్యారు, దెబ్బలకి కొందరు పొయ్యారు.

ఆ రోజు కూడా అంతే జరిగింది. పామూరులో టీ ఆలస్యంగా తెచ్చాడని క్లీనరుని చెంప పగలగొట్టాడంట, వాడు లారీ దిగి నీకో దండం అని అటునించి అటే పొయ్యాడు. ఈడు ఒంటిగా వస్తా ఉంటే, వాగు ఎగువలో, సరిగ్గా ఆ చింతచెట్టు కింద ఎనక టైరు పోయింది. తనే రాయి మోసుకొచ్చి పెట్టాడు, తనే జాకీ ఎత్తి స్టెప్నీ బిగించాడు, బిగించి క్యాబినెక్కి పొయ్యాడు. రాయి? రాయి ఆడే ఉండిపోయింది, నడి రోడ్డు మీద, మలుపులో. మళ్ళా దిగి తియ్యాలని తెలీకా? తెలుసు. అది క్లీనరు పని.

దీపాలు పెట్టే వేళకి పాల సింగయ్య అటునించి వచ్చాడు. సింగయ్య మన ఊరోడే, కందుకూరులో పాలు పోసి, ఖాళీ క్యాన్లు టీవీఎస్ బండికి రెండు పక్కలా తగిలించుకుని రోజూ ఆ వేళకి వచ్చేవోడు. ఎవురి జోలికీ పోయేవోడు గాదు. క్యాన్లు ఒకదానికొకటి తగులుకుంటా టంగుటంగుమని చప్పుడొస్తే, నాయన వస్తన్నాడని వాడి చిన్న కూతురు గడపలో నిలబడేది. ఆ రోజు శానాసేపు నిలబడింది. మలుపులో చక్రం రాయికి తగిలి, సింగయ్య ఎగిరి చింత మొదలుకి కొట్టుకున్నాడు. మేము పొయ్యేటప్పటికి అయిపోయింది.

మర్నాడు మాలకొండయ్య పంచరైన టైరు దొర్లించుకుంటా నా కొట్టుకొచ్చాడు. ఆడ అందరూ అదే మాట. ఎవడో లారీ నాయాలు రాయి వదిలి పొయ్యాడు, వాడి వంశం నాశనమైపోను అని తిట్టని మడిసి లేడు. ఈడు టీ గ్లాసు పట్టుకుని విన్నాడు. ఎదురు మాట్లాడకుండా వాడు కొట్టు దిగి పోవడం నేను చూసింది ఆ ఒక్క రోజే.

ఇంక అక్కణ్ణించి మొదలైంది చూడండి. వాడు ఏ పూట ఆ దోవన వచ్చినా, పొద్దు వాలిందంటే లారీ ముందు నడి రోడ్డు మీద రాయి ఉండేది. అదే రాయి, టైరు ఒరుసుకున్న నల్లమచ్చతో సహా. మొదటిసారి ఎవరో పెట్టారనుకుని ఎక్కించి పొయ్యాడు, లారీ కింద కట్టపట్టీ ఇరిగింది. రెండోసారి బండి ఆపి, కొత్త క్లీనరుని దిగి తియ్యమన్నాడు. వాడు దిగి, టార్చి ఏసి, రాయేదన్నా, రోడ్డు నున్నగా ఉందే అన్నాడు. ఈడికి కనపడతానే ఉంది, వాడికి కనపడటంలా. ఇటు అన్నాడు, అటు అన్నాడు, నీ కళ్ళు పేలిపోను అన్నాడు. ఆఖరికి తనే దిగి వొంగి రాయి పట్టుకున్నాడు. చేతికి తగిలింది. ఎత్తి పక్కన పడేస్తంటే చెట్టు పైనించి క్యాన్లు టంగుమన్నాయంట.

వినపడింది ఆ చప్పుడొక్కటే గాదు. సింగయ్య గొంతు కూడా, నేను మీతో మాట్లాడినంత తేటగా.

"తీశావా? రేపు మళ్ళా పెడతా. నా బిడ్డ గడపలో నిలబడి చూసింది. నీకూ బిడ్డ ఉందిగా. అది ఈ దోవన వచ్చేదాకా పెడతానే ఉంటా."

బతికున్నప్పుడు చీమకి కూడా హాని చెయ్యని మడిసి. చచ్చినాక అంత కసి యాడనించి వచ్చిందంటే, నేనేం చెప్పను? కడుపు మండినోడి మాట అది.

మాలకొండయ్య చెయ్యని పని లేదు. కొబ్బరికాయలు కొట్టాడు, నిమ్మకాయలు కట్టాడు, కనిగిరి అవతల నించి భూతవైద్యుణ్ణి తెచ్చాడు. ఆ వైద్యుడు తిరిగి పోతా మలుపులో సైకిలు మీద నించి పడి పళ్ళు రాలగొట్టుకున్నాడు. వాడికీ రాయి కనపడలా. అదే మీకు చెప్పేది, ఆ రాయి కంటికి కనపడదు, చక్రానికి మాత్రం తగులుద్ది. ఒకనాడు ధైర్యం తెచ్చుకుని, తప్పు ఒప్పుకుందామని సింగయ్య పెళ్ళాం గుమ్మం కాడికి కూడా పొయ్యాడు. పోయి ఏం చేశాడు? ఆమె కుక్క మొరిగిందని, కుక్కని కట్టేసుకోవడం చేతగాదా నీకు అని తగువేసుకుని వచ్చాడు. క్షమించమ్మా అనే మాట ఆ నోటికి అలవాటు ఉంటేగా!

కళ్ళు మసకబారినాక ఓనరు లారీ తాళం తీసేసుకున్నాడు. ఇంటికాడ కూర్చోవాల్సిన మడిసి, రోజూ పొద్దు వాలే వేళకి భుజాన తువ్వాలేసుకుని మలుపుచింత కాడికి నడిచేవోడు. తాగడానికనుకున్నాం మేము. ఆడ ఎవురన్నా నీడకి ఆగితే మట్టిపెళ్ళలు పెట్టి కొట్టేవోడు, గొర్రెలోళ్ళని తరిమేవోడు, ముసలోడికి పిచ్చి ముదిరిందన్నారు. లారీ నడిపినంత కాలం కిందికి దిగనోడు, దిగినాక రోజూ పోయి రాయి ఎత్తుతా ఉన్నాడని మాకేం తెలుసు?

రవణమ్మకి పెళ్ళి చేశాడు. అల్లుడు తిరుపాలు, కందుకూరులో వెల్డింగు షాపు, నెమ్మదస్తుడు. పెళ్ళయిన తర్వాత మొదటిసారి వాళ్ళిద్దరూ బండి మీద వస్తామంటే, ఈడు మజ్జాన్నమే పోయి మలుపులో కూర్చుని, వాళ్ళు దాటిందాకా కాపలా కాశాడు. ఇట్టా ఎన్నిసార్లు కాస్తాడు? వాళ్ళు ఎప్పుడొస్తారో, ఏ వేళకొస్తారో వీడికి ముందే చెప్పి వస్తారా? అప్పుడు ఆ ముదనష్టపోడి బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. పుట్టినాక ఏం చేశాడో తెలుసా? ఆ పూట చెంచమ్మ కోడికూర వండి, గారెలేసి, అల్లుడికి ఇస్తరేసి వడ్డించింది. అల్లుడు ముద్ద కలిపాడు. ఈడు వచ్చి చెయ్యి పట్టుకుని, ఈ ఇంటి కూడు నీకు అరగదు, లేవరా అని ఇస్తరి ముందు నించి లేపాడు.

ఇస్తరి ముందు కూర్చున్నోడిని పగోడిని కూడా లేపరు. అల్లుణ్ణి లేపితే ఇంకేముంది? తిరుపాలు చెయ్యి కడుక్కోకుండానే బండి తీశాడు. రవణమ్మ గుమ్మంలో నిలబడి, నీ శవానికి కూడా రాను నాయనా అనేసి పోయింది. చెంచమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. ఊరంతా వాడి ముఖాన ఉమ్మేసింది, నేనూ ఉమ్మేశా. వాడు అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు, పీడ పోయిందన్నట్టు. ఆ పిల్ల ఇంక రాదు, ఆ రోడ్డు తొక్కదు, వాడికి కావాల్సింది అదే.

ఏళ్ళు గడిచాయి. వాడికి జబ్బు చేసింది. కాళ్ళు నీరు పట్టి మంచంలో పడ్డాడు. వాడు మంచాన పడిన వారంలోనే మలుపులో రెండు బళ్ళు పడ్డాయి, ఒకడికి తొడ ఇరిగింది. అప్పుడు నన్ను పిలిపించాడు. ఒరే సాయిబూ, ఒక పని చేసి పెట్టరా అని, మొదటి నించీ ఈ కథంతా చెప్పి, నువ్వన్నా పోయి ఆ రాయి తియ్యమన్నాడు. నాకు నమ్మకం కుదర్లా. అయినా పొయ్యా. పొద్దు వాలే వేళకి పోయి, రోడ్డంతా చేతుల్తో తడుముకున్నా. ఏమీ లేదు. లేదని వచ్చి చెప్తే, నీకు దొరకదులే, పెట్టింది నువ్వు కాదుగా అన్నాడు.

ఆ మర్నాడు సాయంత్రం నేను వాడి మంచం పక్కనే ఉన్నా. చెంచమ్మ నీళ్ళు తాపిస్తా, భయపడతా భయపడతా చెప్పింది. మీ పరిస్థితి బాలేదని రవణమ్మకి కబురు పెట్టా, అల్లుడు కూడా సరేనన్నాడంట, ఇద్దరూ బండి మీద బయల్దేరారంట అంది. వాడు కళ్ళు తెరిచాడు. ఏ దోవన అన్నాడు. ఉండేది ఒకటే దోవగా, ఏ దోవనంటే ఏం చెప్పను అంది ఆ పిచ్చితల్లి. కొత్త రోడ్డు అప్పటికింకా పడలా.

లేచాడు. ఎట్టా లేచాడో ఆ అల్లాకే తెలియాల. కాళ్ళు ఊది మెరుస్తన్నాయి, అడుగు పడటంలా. నేను చంకలో చెయ్యేసి పట్టుకున్నా. ఆగరా, చస్తావురా అని నేను తిట్టా, నడవరా సాయిబూ, నీ యమ్మ అని వాడు తిట్టాడు. ఇద్దరం తిట్టుకుంటానే మలుపుదాకా పొయ్యాం. పొద్దు వాలింది. చెట్టు కింద మసకగా ఉంది. వాడు నన్ను వదిలించుకుని, నడి రోడ్డు మీదకి పోయి వొంగాడు.

రెండు చేతుల్తో పట్టుకున్నాడు. పైకి లాగాడు. నాకైతే వట్టి రోడ్డే కనపడతంది, వాడి మెడ నరాలు మాత్రం ఉబ్బుతున్నాయి. రాలా. మళ్ళా లాగాడు. రాలా. నేనూ వాడి చేతుల పక్కన చేతులు పెట్టా, నా చేతికి గాలి తప్ప ఏమీ తగల్లా. పైన చెట్టులో క్యాన్లు టంగుటంగుమని ఒకటే చప్పుడు. సంతోషంతో ఊగిపోయేవోడి చప్పుడది. ఆ చప్పుడికి నాకు లుంగీ తడిసింది, దాచుకునేదేముంది. ఇంతలో వాగు అవతల బండి లైటు కనపడింది.

వాడు ఆ లైటు చూశాడు. చూసి, రాయి మీద కూర్చున్నాడు.

బండి ఎగువెక్కి మలుపు తిరిగేసరికి నడి రోడ్డు మీద తువ్వాలు ఊపుతా ముసలోడు. తిరుపాలు బ్రేకేశాడు, బండి వాడి మోకాళ్ళ కాడికొచ్చి ఆగింది. రవణమ్మ దూకి, నాయనా, ఈడ కూర్చున్నావేంది నాయనా అని ఏడుస్తా వచ్చింది. వాడు తలెత్తి ఆ పిల్లని చూశాడు. ఎన్నేళ్ళైందో చూసి. నోటికాడికి ఏదో వచ్చింది, నేను చూశా, వచ్చి ఆగింది. ఊళ్ళోకి రానిస్తే మళ్ళా ఈ దోవనే పోవాల. వాడు చస్తే శవానికి రావాల, పెద్దకర్మకి రావాల, తల్లిని చూడ్డానికి రావాల. తనేమో పోతన్నాడు, రేపటినించి రాయి ఎత్తేవోడెవడు?

"నిన్నెవరే రమ్మంది? నీకు నాయన లేడు. మళ్ళా ఈ రోడ్డు మీద కనపడితే కాళ్ళిరగ్గొడతా. తిప్పరా బండి."

అమ్మా, మీ నాయన కింద రాయుంది అని నేను నోరు తెరవబొయ్యా. వాడు నా వైపు చూసిన చూపుకి నా నోరు పడిపోయింది. ఆ పిల్ల నిలబడి వింది. ఇంకా నాలుగు తిట్టాడు, ఈ వయసులో నా నోటితో చెప్పలేను ఆ మాటలు. కన్న కూతుర్ని అనే మాటలు కావు. తిరుపాలు ఆమెని చెయ్యి పట్టి బండెక్కించుకుని తిప్పాడు. లైటు వాగు దాటి పొయ్యిందాకా వాడు అట్టాగే చూశాడు.

లైటు పోయినాక, చెట్టు పైకి తలెత్తి, "రేపూ వస్తా. పెట్టుకో" అన్నాడు. అంతే, తల ముందుకి వాలిపోయింది.

నేను ఊళ్ళోకి పరిగెత్తి నలుగురిని తెచ్చా. వచ్చినోళ్ళు అట్టాగే నిలబడిపొయ్యారు. వాడు కాళ్ళు చాపి, రోడ్డు మీద కూర్చునే ఉన్నాడు. కూర్చున్నాడు గానీ కింద ఏమీ లేదు. నేలకీ వాడికీ మధ్య జానెడు ఖాళీ. లాంతరు పెట్టి చూస్తే ఇటునించి అటు కనపడింది. వాణ్ణి ఎత్తుకునేటప్పుడు నా బొటనవేలు దేనికో కొట్టుకుని గోరు ఊడింది. ఇదిగో, ఇప్పటికీ సరిగా రాలా, చూసుకోండి.

రవణమ్మ శవానికి రాలా. అన్నమాట నిలబెట్టుకుంది. ఊరు ఆ పిల్లని కూడా ఆడిపోసుకుంది. చెంచమ్మని కూతురే కందుకూరుకి పిలిపించుకుంది. ఆ తల్లి కన్నుమూసిందీ ఆడే. నేను ఒకసారి పోయి, అమ్మా, మీ నాయన అందుకు తిట్టాడు గానీ నీ మీద కోపంతో గాదు అని అంతా చెప్పా. వింది. విని, ఆ రోజు మీరిద్దరూ తాగి ఉన్నారు మామా, నడి రోడ్డు మీద కూర్చుని తిట్టాడు, నేను మర్చిపోను అంది. మంచినీళ్ళన్నా ఇయ్యలా. పోనీ, నమ్మకపోతే నమ్మబాక, ఆ దోవన మాత్రం రాబాకమ్మా అన్నా. చచ్చినా రాను అంది. కొత్త రోడ్డు పడింది, ఇప్పటికీ రాలా. ఆమె మనవళ్ళకి కూడా మన ఊరు తెలవదు. వాడు అనుకున్నది సాధించాడు, కానీ ఆ పిల్ల గుండెల్లో మాత్రం వాడు రాక్షసుడిగానే ఉండిపొయ్యాడు. నాకు ఏడుపొచ్చేది దానికే, ఇంక దేనికీ కాదు.

ఇప్పుడు ఆ మలుపులో ఎవురూ పడటంలా, అదే కదా మీ ధైర్యం? ఎందుకు పడటంలేదో నన్నడగండి. పొద్దు వాలే వేళకి వాగు ఇవతల నిలబడి చెవి పెడితే, ముందు క్యాన్లు టంగుమంటాయి, దభీమని రాయి పడుద్ది. కాసేపటికి ఎవడో దగ్గుకుంటా, అమ్మనాబూతులు తిట్టుకుంటా వస్తాడు. తర్వాత రాయి పక్కకి దొర్లిన చప్పుడు. సింగయ్య పెడతానే ఉన్నాడు, ఈడు తీస్తానే ఉన్నాడు. ఇద్దరిలో ఎవడూ తగ్గే రకం గాదు.

అట్టాగని దగ్గర దోవ అని పోబాకండి. రాయి పడినాక అది తీసేదాకా మధ్యలో కాసేపు ఉంది. మాలకొండయ్య లారీ నడిపినన్నాళ్ళు ఒక్క లోడు కూడా టయానికి దించిన మొగోడు గాదు.